హెలిప్యాడ్ మీద పసుపు

కరోనా సద్దుమణిగిన తర్వాతి చలికాలంలో నన్ను సిరిసిల్ల కలెక్టరేట్ నుంచి కోరుట్ల డివిజన్‌లోని ఒక మండలానికి తహసీల్దార్‌గా బదిలీ చేశారు. మండలం పేరు రాయను. రాస్తే ఆ ఊళ్ళవాళ్ళు ఫోన్ చేసి నా గొప్పలన్నీ ఒక్కొక్కటే సరిదిద్దుతారు. చేరిన రోజు ఆఫీసు ముందు జనం పూలదండలతో బారులు తీరారని మా మనవరాలికి చాలాసార్లు చెప్పాను. నిజానికి దండ ఒక్కటే. అది కూడా బదిలీ మీద వెళ్ళిపోతున్న పాత తహసీల్దార్ కోసం తెప్పించినది. ఆయన మెడలోంచి తీసి నా మెడలో వేశారు.

ఈ కొలువు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మండలంలో రెవెన్యూ శాఖకు తహసీల్దార్ పెద్ద. కింద గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్స్పెక్టర్, ఉంటాడు. పైన ఆర్డీవో, ఆ పైన కలెక్టర్. భూమి కాగితం నుంచి కులం సర్టిఫికెట్ దాకా ఏదీ తహసీల్దార్ సంతకం లేనిదే కదలదు. తిట్లు మాత్రం ఎక్కువగా ఇతరులు చేసిన పనులకు పడతాయి.

నాకు అలా సంక్రమించిన తిట్లలో పెద్దభాగం ఒక రిసార్టువి. మండలంలో ఒక గుట్ట కింద విదేశీ కంపెనీ ఒకటి విల్లాలు, ఈతకొలను, హోటలు కడతామని వచ్చింది. ఇంటికొక ఉద్యోగం ఇస్తామంది. సగం మంది మగవాళ్ళు గల్ఫ్‌లో ఉండే ఊరికి ఆ మాట ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు. రైతులు భూములు అమ్మారు. కంపెనీ ప్రహరీ కట్టింది, నాలుగు విల్లాలకు గోడలు లేపింది, నీళ్ళు చూడని ఈతకొలను తవ్వింది, హెలికాప్టర్లు దిగడానికని ఒక విశాలమైన కాంక్రీటు గచ్చు పోసి నడుమ తెల్లరంగుతో హెచ్ అక్షరం రాయించింది. తర్వాత తన దేశంలోనే దివాలా తీసింది. ప్రహరీ వల్ల వాననీటి కాలువ మూసుకుపోయింది. పొలాలకు నీళ్ళు రావడం లేదని, ఆ గోడనైనా కొంత తీయించమని ఊరివాళ్ళు రెండేళ్ళపాటు సోమవారం సోమవారం ప్రజావాణిలో దరఖాస్తులు ఇచ్చారు. మా శాఖ జవాబు ఎప్పుడూ ఒక్కటే: విషయం పరిశీలనలో ఉన్నది.

జవాబు రాకపోయేసరికి వాళ్ళు చేయగలిగింది చేసుకున్నారు. హెలిప్యాడ్‌ను కల్లంగా మార్చేశారు. పసుపు పండించే ప్రాంతంలో చదునైన గట్టి నేల కనిపిస్తే ఎవరూ ఊరికే వదలరు. బడి మైదానమైనా, కొత్తగా వేసిన రోడ్డయినా మాఘమాసానికి పచ్చబడాల్సిందే. హెలికాప్టర్ల కోసం పోసిన గచ్చు అంత బాగా పసుపును ఎండబెట్టే నేల జగిత్యాల జిల్లా మొత్తంలో లేదని నేను అప్పట్లో పైకి నివేదిక కూడా రాశాను. లేదు, రాయలేదు. రాయాలనుకున్నాను.

ఆ ఫిబ్రవరిలో పై నుంచి ఉత్తర్వు వచ్చింది. కంపెనీకి అప్పిచ్చిన విదేశీ బ్యాంకు కేసు వేస్తే, ఆస్తులను అమ్మిపెట్టడానికి ఒక లిక్విడేటర్‌ను నియమించారు. ఆ లిక్విడేటర్ ప్రతినిధికి రిసార్టును స్వాధీనం చేయించి సీలు వేయడం నా పని. ఇలాంటి పనులు మేము తెల్లవారుజామునే చేస్తాం. జనం పోగయ్యేలోపు అయిపోవాలని మా లెక్క. పోలీసు బందోబస్తుతో వెళ్ళాం. ఇద్దరు పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో లోపల ఉన్నదంతా రాసుకుని పంచనామా చేయాలి. ఊళ్ళో ఎవరూ ముందుకు రాక, పక్క ఊరినుంచి పాలు పోయడానికి పోతున్న ఇద్దరిని ఆపి సంతకాలు తీసుకున్నాం.

హెలిప్యాడ్ మీద పసుపు కుప్పలు టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి. ఎవరివో వాళ్ళను పిలిచి తీసుకుపొమ్మందామని మా గిర్దావర్ మల్లేశం అన్నాడు. లిక్విడేటర్ ప్రతినిధి, హైదరాబాద్ నుంచి వచ్చిన నడివయసు మనిషి, ఒప్పుకోలేదు. ప్రహరీ లోపల ఉన్న ఏ వస్తువూ కదలడానికి వీల్లేదన్నాడు. సరే, కదలకపోతే భద్రంగానైనా ఉండాలి కదా అనుకున్నాను. మేము నేతపనివాళ్ళం. మా నాన్న, అన్నలు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికినవాళ్ళు. నాకు పసుపంటే డబ్బాలోంచి చెంచాతో తీసేది. అందుకని శ్రద్ధగా ఆ టార్పాలిన్లను తాళ్ళతో బిగించి కట్టించాను. గాలి కూడా చొరబడకుండా కట్టించాను. తర్వాత గేటుకు తాళం వేసి, తాళానికి తెల్లగుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర నొక్కాను. పని ఇంత శుభ్రంగా చేసిన తహసీల్దార్ మరొకడు లేడనుకుంటూ అటునుంచి అటే జగిత్యాలలో సమీక్షకు వెళ్ళిపోయాను. సమీక్ష పొద్దుగూకే దాకా సాగింది. ఫోన్ సైలెంట్‌లో ఉంది.

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి రిసార్టు గేటు ముందు రోడ్డు మీద ఐదువేల మంది కూర్చుని ఉన్నారు. ఈ అంకె నేను పెళ్ళిళ్ళలో చెప్పేది. రెండొందల మంది ఉంటారేమో. అయితే రెండొందల మంది మౌనంగా కూర్చుని మన జీపు వైపు చూస్తుంటే ఐదువేల మందిలాగే కనిపిస్తారు. గేటు పాతది. నలుగురు కలిసి తోస్తే ఊడేది. ఎవరూ దాన్ని తాకలేదు. లక్క మీద నా ముద్ర వేసింది వేసినట్టే ఉంది.

ముందు వరుసలో రాజవ్వ ఉంది. యాభై దాటిన మనిషి. భర్త మస్కట్‌లో మేస్త్రీ. భూమి కంపెనీకి అమ్మేశాక, మరొకరి రెండెకరాలు కౌలుకు పట్టి ఆమె ఒక్కతే పసుపు వేసింది. ఆ ఏటి పంటంతా ఉడకబెట్టి, సీలు వేయడానికి ముందురోజే హెలిప్యాడ్ మీదికి చేర్చింది. కుప్పల్లో పెద్దది ఆమెదే. నేను జీపు దిగగానే ఆమె లేచింది.

"మేం రెండేండ్లు ప్రజావాణిల దరఖాస్తులు ఇచ్చుకుంట తిరిగితే ఒక్కలు రాలే సారూ. బయిటి దేశపు బ్యాంకోడు ఒక్క కాయిదం రాయంగనే పోలీసోల్లను ఏసుకొని ఉరికచ్చిండ్రు."

నేను ఉత్తర్వు చదవబోయాను. ఆమె గేటు సందుల్లోంచి లోపలికి వేలు చూపించి, ఆ కవర్లు ఎవలు గంత గట్టిగ కట్టిండ్రని అడిగింది. నేనే కట్టించానని, సరుకు భద్రంగా ఉండాలని కట్టించానని కొంచెం గర్వంగానే చెప్పాను.

"మీది ఏ ఊరు సారూ?"

సిరిసిల్ల అన్నాను.

"గదీ సంగతి. సాంచాలు నడిపెటోల్లకు పసుపు గురించి ఏం ఎరుక? ఉడుకుడుకు పసుపుకు దుప్పటి గప్పి మూతి గట్టిండ్రు. లోపట చెమట వట్టి బూజు వడ్తది. రాత్రి మంచుకు కప్పుతం గానీ, పొద్దుగాల్నే ఇప్పి ఎండకు నెరుపుతం. నిన్న పొద్దంత గది గట్లనే ఉన్నది."

వెనకనుంచి ఎవరో, సారుకు ఉడుకుడుకు అన్నం మీద మూత పెట్టి రేపు తినిపియ్యుండ్రి, తెలుస్తదన్నారు. కొందరు నవ్వారు. రాజవ్వ నవ్వలేదు. ఇంకొక్క రోజు గడిస్తే ఆమెకు ఏడాది కష్టం మిగలదని నాకు అప్పుడు అర్థమైంది. మంగళసూత్రం తప్ప ఒంటిమీద బంగారం లేదని కూడా అప్పుడే చూశాను.

అయినా సీలు తీసే అధికారం నాకు లేదు. ప్రహరీ లోపల ఉన్నదంతా కేసు తేలేవరకు ఎవరూ ముట్టరాదని, ప్రస్తుతానికి అది ప్రభుత్వ రక్షణలో ఉన్నట్టేనని చెప్పాను.

"అయితే గిప్పుడు గది సర్కారు పసుపా?"

అలాగే అనుకొమ్మన్నాను.

"మంచిది. సర్కారు పసుపైతే సర్కారే నెరపాలె, సర్కారే తిప్పాలె. చెప్పులు ఇడిసి దిగుండ్రి సారూ. మీతోటి గాకుంటే కూలికి మమ్ములనన్న పెట్టుకోండ్రి. చేతిల వెట్టుకున్న సరుకును మురగవెట్టుమని ఏ కానూన్ల ఉన్నది?"

ఈసారి రెండొందల మందీ నవ్వారు. సబ్ ఇన్స్పెక్టర్ కూడా పక్కకు తిరిగి నవ్వాడు. ఇక్కడ నేను చట్టంలోని నిబంధనను గడగడా అప్పజెప్పి చిక్కుముడి విప్పానని ఎన్నోచోట్ల చెప్పుకున్నాను. నిబంధన ఏదీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఇసుక ట్రాక్టర్. దొంగ ఇసుక తోలుతున్న ట్రాక్టర్‌ను పట్టుకుంటే, పెట్టుకోవడానికి మా ఆఫీసులో చోటుండదు. ఊళ్ళో నమ్మకమైన మనిషికి చూసుకొమ్మని అప్పజెప్పి సుపుర్దునామా రాయించుకుంటాం. నిజాం కాలపు ఉర్దూ మాట, మా దగ్గర ఇంకా బతికే ఉంది. వస్తువు స్వాధీనంలోనే ఉంటుంది, సంరక్షణ మాత్రం ఆ మనిషిది. మేతవేసే ఖర్చు తప్పించుకోవడానికి పట్టుకున్న ఆవులనూ అలాగే అప్పజెబుతాం. పసుపును ఎందుకు అప్పజెప్పకూడదు?

పక్కకు వెళ్ళి ఆర్డీవోకు ఫోన్ చేశాను. ఆమె వయసులో నాకంటే బాగా చిన్న, హోదాలో పెద్ద. అంతా విని, సీలు తీయడానికి ఒక పంచనామా, మళ్ళీ వేయడానికి ఒక పంచనామా రాయమన్నారు. కారణం సాయంత్రానికి తనకు చేరాలన్నారు. తర్వాత నేను అడగని మాట ఒకటి అన్నారు: "నా మౌఖిక ఆదేశం మీద అని రాయండి. రాసి నాకు చదివి వినిపించండి." ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. ఫోన్లో వెయ్యి ఆదేశాలు ఇచ్చేవాళ్ళున్నారు. వాటిని తమ పేరున కాగితం మీదికి ఎక్కించమన్నవాళ్ళను నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ మేడంకు అప్పుడు కృతజ్ఞత చెప్పలేదు. అప్పుడు చెబితే భయపడ్డట్టు తెలిసిపోయేది. ఇప్పుడు చెబుతున్నాను.

నాతో జీపులో వచ్చిన లిక్విడేటర్ ప్రతినిధి, ఏదైనా పోతే బాధ్యత ఎవరిదని అడిగాడు. నాదేనని సింహంలా గర్జించాను. గర్జించలేదు. మొదటిసారి అన్నది అతనికి వినపడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

సుపుర్దునామా జీపు బానెట్ మీద రాశాను. సరుకును ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం చెడిపోకుండా కాపాడాలి. తహసీల్దార్ రాతపూర్వక ఉత్తర్వు లేనిదే ఎవరినీ లోపలికి రానీయరాదు. అడిగినప్పుడు సరుకు చూపించాలి. అందరి తరఫునా రాజవ్వ సంతకం చేసింది. నిన్న పంచులు దొరకని ఊళ్ళో ఈరోజు పంచులుగా ఎవరు సంతకం పెట్టాలన్న దానిమీద తగువు పడ్డారు. లక్క పగలగొట్టి, తాళం తీసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

టార్పాలిన్లు విప్పుతుంటే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. గంటలో పసుపు హెలిప్యాడ్ మొత్తం పరుచుకుంది. తెల్ల హెచ్ అక్షరం దాని కిందికి పోయింది. రాజవ్వ కొమ్ములు విరిచి లోపలి రంగు చూస్తూ పోయింది. చాలావరకు దక్కింది. నేను దగ్గరుండి రెండు పేటల తాడు బిగించిన మూల మాత్రం బంకబంకగా తయారై పుల్లటి వాసన వేసింది. ఆమె ఆ భాగాన్ని పారతో పక్కకు తోసేసింది. నా వైపు చూడలేదు. ఒక్క చూపుతోనే నన్ను సిగ్గుపడేలా చేయొచ్చు, చేయలేదు. ఆ మర్యాదకు నేను ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

వారం తర్వాత లిక్విడేటర్ ప్రతినిధి, ఆస్తికి విలువ కట్టే ఇంజనీరును తీసుకొచ్చాడు. ఇద్దరినీ వెంటబెట్టుకుని దర్జాగా గేటు దగ్గరికి వెళ్ళాను. లోపలినుంచి తాళం వేసి ఉంది. రాజవ్వ వచ్చి, ఆర్డరు ఏదని అడిగింది. నేనే తహసీల్దార్‌నని గుర్తుచేశాను.

"మీరు ఎరుకే సారూ. గానీ కాయిదంల మీరే రాసిండ్రు గద, ఆర్డరు లేంది ఎవలను ఇడ్వద్దని. తహసీల్దారు సారు తప్పించి అని రాయలే."

నిజమే, రాయలేదు. ఇంజనీరు ఎండలో నిలబడి ఉండగా, జీపు బానెట్ మీదే, నన్ను నేను లోపలికి అనుమతిస్తూ ఒక ఉత్తర్వు రాసి సంతకం చేశాను. ఆమె ఆసాంతం చదివి, మడతపెట్టి కొంగున ముడేసుకుని, అప్పుడు తాళం తీసింది. అడుగు పెట్టబోతుంటే, పసుపు మీదినుంచి కాకుండా చుట్టూ తిరిగి పొమ్మంది.

ఎండిన పంటను పాలిష్ పట్టించి మెట్‌పల్లి మార్కెట్‌కు తోలే ముందు లిక్విడేటర్ నుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం తెప్పించగలిగాం. దానికి ఆర్డీవో గారు మూడుసార్లు రాశారు. చివరి బండి వెళ్ళిన సాయంత్రం రాజవ్వ గచ్చు ఊడ్పించి, తాళంచెవి ఆఫీసుకు తెచ్చి నా బల్ల మీద పెట్టి రసీదు తీసుకుంది. రిసార్టు మాత్రం నేను రిటైరయ్యే నాటికి అమ్ముడుపోలేదు. కాలువకు అడ్డమున్న గోడ కొంత తీయించగలిగాను. మొత్తం తీయించానని చెబుతుంటాను. ఊరి కోపం చల్లారలేదు, చల్లారాల్సిన పనీ లేదు. ఆ కోపం గేటును విరగ్గొట్టకుండా నాకొక దారి చూపించింది, అంతవరకే నాకు తెలుసు.

ఆ ఎపిసోడ్ నాకు నేర్పింది చిన్న విషయం. సీలు వేసేవాడు లోపల ఏ వస్తువులున్నాయో రాసుకుంటాడు. ఏ పని నడుమలో ఉందో రాసుకోడు. ఆ తర్వాత ప్రతి జప్తుకూ ముందు మా సిబ్బంది చేత ఒక ప్రశ్న అడిగించేవాణ్ణి: లోపల ఎండేది, ఉడికేది, ఈనేది ఏమన్నా ఉందా? మల్లేశం ముసిముసిగా నవ్వేవాడు. రిటైరయ్యే ఏడాది ఒక ఇంటికి తాళం వేయబోతూ అడిగితే, అటక మీద పొదిగిన కోడి ఉందని తేలింది. కోడిని గుడ్లతో సహా పొరుగింటికి చేర్చి, అప్పుడు లక్క కరిగించాం.