తిరగేసిన బొమ్మ: రాజోలు నుంచి అమలాపురం దాకా

నేను పెద్దగా ప్రయాణాలు చేసేవాణ్ణి కాను. ఐదో తరగతితో బడి మానేసి, రాజోలు దగ్గర టూరింగు హాల్లో ఆపరేటరుగా బొమ్మలు వేసి బతికాను. పోయిన నెల సుధారాణి అనే కొత్తపేట అమ్మాయి మా ఊరొచ్చింది. ఆసియా దేశాల సినిమాల్లో ఎన్ని రకాలున్నాయో పరిశోధన చేస్తోందట. మా ఊరి పెద్దవాళ్లు ఆమెకొక హాంకాంగ్ కరాటే బొమ్మ గురించి చెప్పారు. అందులో గురువు చచ్చిపోతాడు, విశ్రాంతి తర్వాత బతికొచ్చి శిష్యుడికి విద్య నేర్పుతాడు. హాంకాంగ్ వాళ్లు తెలుగువాళ్ల కోసమే అలా కూర్చారని ఆమె వ్యాసం రాసుకుంది. అది తప్పని నాకొక్కడికే తెలుసు. ఆరోజు ఆ మాట చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. మంగళవారం పదకొండింటికి అమలాపురం కాలేజీలో ఆ వ్యాసం చదువుతుందని తెలిసి బయల్దేరాను.

రాజోలులో ఏడున్నరకి పల్లెవెలుగు ఎక్కాను. తాటిపాక, పాశర్లపూడి మీదుగా గంట పైనే పడుతుంది. "ఆసుపత్రికాండి తాతగారూ?" అన్నాడు కండక్టరు. "సినిమా పనండి" అన్నాను. "ఆయ్! హీరో వేషమేనాండి?" బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. వంతెన కింద గోదారి పాయ వైనతేయ మంచులో తెల్లగా, బొమ్మ పడకముందు తెరలా ఉంది. అప్పట్లో ఇక్కడ వంతెన లేదు. రీళ్ల పెట్టెను మా గేటు మనిషి సత్యం పంటు మీద ఏరు దాటించి తెచ్చేవాడు. ఒకసారి వానకి డబ్బాల మీద నంబరు కాగితాలు ఊడిపోయాయి. లోపలి అంకెలు చీనా రాతలో ఉన్నాయి. మ్యాట్నీకి జనం వచ్చేశారు. ఏదో ఊహించి వరస పెట్టేశాను.

అమలాపురం బస్టాండు పక్కన పెసరట్టు తిన్నాను. "ఇంకోటి వెయ్యమంటారాండి?" అందామె. సగమే దిగిందని చూపించాను. ఆటోలో కాలేజీకి పది నిమిషాలు. సుధారాణి వరండాలో కాగితాలు సర్దుకుంటోంది.

"బాబాయిగారూ, మీరొచ్చేరా!"

"అమ్మా, ఆ గురువు బతకలేదు. నేనే రీళ్లు తారుమారు చేశాను."

ఆమె మొహం వాడిపోయింది. "మరి ఈ ఆరు పేజీలూ ఏం చెయ్యనండి?"

కాగితాలు తిరగేస్తూ తనే అడిగింది. "మర్నాడు సరిగ్గా వేసేరా?"

"ఆయ్. వేశానమ్మా. జనం ఊరుకోలేదు. చచ్చినాయన్ని అలాగే వదిలేస్తావేంటయ్యా, నిన్నటి బొమ్మెయ్యి అని హాలు రేకులు బాదేరు. వారమంతా అలాగే వేశాను. తిరగేసిన బొమ్మ అనేవాళ్లం."

ఆమె కలం తీసింది. హాంకాంగ్ వాళ్లు అన్న చోటల్లా కొట్టేసి రాజోలు వాళ్లు అని రాసుకుంది.

అలవాటు కొద్దీ నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆమె పౌరాణికం, జానపదం, కరాటే అని ఒక్కొక్క రకమూ చెప్పుకొచ్చి, చివర్న తిరగేసిన బొమ్మ దగ్గర ఆగింది. "ఇది చూసేవాళ్లు అడిగి వేయించుకున్న రకమండి. వేసినాయన మీ వెనకే ఉన్నారు." అందరూ తెర వదిలేసి నా వైపు తిరిగారు. ఆపరేటరు గదిలోంచి వీపులే చూసిన నాకు జనం మొహాలు కనబడటం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో పొద్దున చూసినవన్నీ చివర్నుంచి మొదటికి వచ్చాయి. వంతెన, ఏరు, తాటిపాక. కళ్లు మూసుకుంటే పాత రేవులో పంటు ఆగింది. పోయి పన్నెండేళ్లయిన సత్యం తడిసిన పెట్టె నెత్తిన పెట్టుకుని నవ్వుతూ దిగాడు. ఆ జనం రేకులెందుకు బాదారో నాకిప్పుడు తెలిసింది. చలికాలంలో ఈ దారిన వెళ్లేవాళ్లు ఏడున్నర బస్సుకే కిటికీ పక్కన కూర్చోండి. ఎనిమిదిన్నరకల్లా ఏటి మీద మంచు విడిపోతుంది.