మాబూబీ ఆషాఢం

మా అన్న బుడాన్ మీద నాకు ఒళ్లు మండిపోతోంది. తోడబుట్టినవాడని వెనకేసుకురావడం నా వల్ల కాదు. జరిగింది చెబుతాను, మీరే తేల్చండి.

మా వదిన మాబూబీ పెదకాకానిలో జాకెట్లు కుడుతుంది. మా పుట్టింటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ అదే పని. ఆవిడ మిషను పక్కన, గోడకి ఆనించి పుస్తకాల దొంతర ఒకటి ఉంటుంది. గుంటూరు పోయినప్పుడల్లా పాత పుస్తకాల బండి దగ్గర ఆగి ఒకటో రెండో తెచ్చుకునేది. తెచ్చుకోవడమే గాని చదివింది లేదు. చదవనిస్తే గదా! కొలతలకొచ్చిన వాళ్లు ఆ దొంతర మీద టీ గ్లాసులు పెట్టారు, పిల్లల్ని కూర్చోబెట్టారు. మా అన్నయితే దాని మీద కాళ్లు పెట్టుకుని టీవీ చూసేవాడు.

ఈ ఏడు వదిన పట్టు పట్టింది. మళ్లీ ఉగాది వచ్చేలోపు ఆ దొంతర మొత్తం చదివేయాలంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో ఒక్కో అట్ట మీద ఒక్కో నెల పేరు రాసింది. సాయిబులమైనా జాకెట్లు కుట్టేవాళ్లకి పంచాంగమే దిక్కు. ముహూర్తాలుంటే పని, లేకపోతే లేదు. వైశాఖం, మాఘం పెళ్లిళ్ల నెలలు, కాబట్టి వాటికి చిన్న కథలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో ఊపిరాడదు, దానికి పలచటి కవితల పుస్తకం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. అందుకని అన్నిటికన్నా లావు నవల ఆషాఢానికి.

"ఈ ఒక్క నెలా నాది రుక్సానా" అంది నాతో, హుక్కులు కుడుతూ. గోడ మీద క్యాలెండరులో ఆ నెలకి అడ్డంగా 'ఖాళీ' అని రాసుకుంది.

అదే కొంప ముంచింది.

ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టుకున్న నెల అని ఆవిడ రాసుకుంది. మా అన్నకి అది పని లేని నెలగా కనపడింది. వాడు పరుపులు కుడతాడు. వానలు పడితే పనుండదు, ఖాళీ అంటే వాడికి ఆకలి. పోనీ, అక్కడిదాకా క్షమించొచ్చు. కానీ పెళ్లాన్ని ఒక్క మాట అడిగాడా? ఊళ్లో ఒక స్కూలాయనతో యూనిఫాంలు కుట్టించి ఇస్తానని ఒప్పేసుకున్నాడు. ఆషాఢం వచ్చిన రోజే ఆటోలోంచి గుడ్డ మూటలు దించి, తిన్నగా ఆ పుస్తకాల మీద పడేశాడు.

"ఖాళీగానే ఉన్నావుగా, పని తెచ్చా" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

అప్పటికి వదిన నవల తెరిచి నాలుగు పేజీలు చదివింది. "ఎవర్నడిగి తెచ్చావ్?"

"అడిగేదేంటే? మాటిచ్చేశా. ఇప్పుడు కాదంటే నా పరువేంగాను?"

"మాటిచ్చింది నువ్వు. నువ్వే కుట్టు."

"పరుపులు కుట్టేవాణ్ణి, నిక్కర్లెట్టా కుడతానే? అయినా ఆ పుస్తకం నీకు కూడు పెడుద్దా?"

వదిన లేచి నిలబడింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు వీధంతా వినపడేలా అరిచింది. "ఇన్నేళ్లూ ఊరందరి కొలతలూ తీశా. నాకేం కావాలో ఒక్కళ్లన్నా అడిగారా? నువ్వడిగావా?"

మూటలు మళ్లీ ఆటోలో వేయించి, తనూ ఎక్కి స్కూలుకు పోయింది. "మాటిచ్చింది మా ఆయన, కుట్టాల్సింది నేను. నన్నెవరూ అడగలేదండి" అని చెప్పి, అక్కడే దించి వచ్చేసింది. స్కూలాయన మంచివాడో, ఆవిడ వాలకం చూసి జడిశాడో గాని, ఇంకో టైలర్ని చూసుకుంటానన్నాడు.

మా అన్న అలిగి మా ఇంటికొచ్చి పడ్డాడు. పొద్దున పెసరట్టు కావాలి, మధ్యాహ్నం పులుసు కావాలి, మధ్యలో పెళ్లాం మీద చాడీలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సిగ్గుందా అన్నా? కొత్తగా పెళ్లైనోళ్లని గదా ఆషాఢంలో విడదీసేది! ఇన్నేళ్ల కాపురం చేసి నీకిప్పుడేం ఆషాఢం?" అని మొహం మీదే అడిగాను.

"అది వచ్చి పిలిస్తేనే పోతా" అని మూతి ముడుచుకున్నాడు.

ఆ పోరు పడలేక నేనే వదిన దగ్గరికి పోయాను. మిషను మీద గుడ్డ కప్పి, గడప మీద కూర్చుని చదువుకుంటోంది.

"నువ్వొచ్చి పిలిస్తే వస్తాడంట వదినా. పిలవవా?"

పేజీ మధ్యలో వేలు పెట్టి తలెత్తింది.

"పిలుస్తాలే రుక్సానా. శ్రావణం రానీ. ఇంకా సగం పుస్తకం ఉంది."