అయింది తల్లీ, నీది?

మా వైపు, మనిషి ఎదురుపడితే "ఊట అయిందా?", అంటే భోజనం అయిందా, అని పలకరిస్తాం. పస్తులున్నా సరే, జవాబు "అయింది" అనే. కాలేదంటే అడిగినవాళ్ళు పెట్టాలి కదా! అంత మర్యాదస్తులం.

ఆ మర్యాదే చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో మా నాయన ప్రాణం మీదికి తెచ్చింది. కడుపులో క్యాన్సర్. ఒంట్లో సత్తువ లేకపోతే తర్వాతి కీమో ఇవ్వలేమన్నారు డాక్టరు. రోగులు ఏపాటి తింటున్నారో చూసే డైటీషియన్ చింతామణి ఊరి పిల్ల. రోజూ మధ్యాహ్నం వచ్చేది.

"ఊట అయిందాప్పా?"

"అయింది తల్లీ. నీది అయిందా?"

"ఏం తిన్నారు?"

"సంగటి, పప్పుసారు. కడుపునిండా తిన్న్యా."

ఆ సంగటి మంచం కింద గిన్నెలో చెక్కుచెదరకుండా ఉండేది. ఆమె టేపుతో జబ్బ కొలుస్తుంటే "పొడుగు చేతులే కుట్టు తల్లీ" అని ఆయన వార్డంతా నవ్వించేవాడు. జబ్బ మాత్రం రోజురోజుకూ సన్నబడుతోంది. ఇంత తినే మనిషి ఎందుకు చిక్కిపోతున్నాడో అంతుబట్టక పెద్ద డాక్టర్లు ఇంకో స్కాన్ రాశారు.

నాకు ఒళ్ళు మండింది. "అబద్ధం ఎందుకు చెప్తాండావు నాయనా?"

"ఆ పాప నవ్వుతా అడుగుతాది. తినలేదంటే ఏం చేస్తాది పాపం? ఇంటికి పోయి వండుకోని రావల్లా?"

తట్టలో పట్టుపురుగులు మేత ముట్టకపోతే కునుకు తీయని రైతు ఆయన. తన మేత సంగతి మాత్రం పట్టలేదు. నేను వరండాలోకి వెళ్ళి ఆ పిల్లకు అంతా చెప్పేశాను. ఆమె తల పట్టుకుంది.

మర్నాడు టేపు తేలేదు, టిఫిన్ డబ్బా తెచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నాకింకా ఊట కాలేదప్పా. ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు."

నాయన ఇరుకున పడ్డాడు. వచ్చిన ఆడపిల్లను ఒంటరిగా తిననివ్వడమా! గిన్నె తీయమన్నాడు. చిన్న ముద్ద మింగాడు. రెండోది గొంతులోనే నిలిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దిగల్యా తల్లీ. శానా దినాలుగా ఏదీ దిగల్యా."

ఆమె డబ్బా మూసి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. స్కాన్ ఆగింది. సాయంత్రం ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, పాలలాంటి ఆహారం మెల్లగా పోశారు. పోయడం ముగిశాక, ఆ పిల్ల అలవాటుకొద్దీ అడిగేసింది.

"ఊట అయిందాప్పా?"

నాయన గొట్టం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"అయింది తల్లీ. నీది?"

ఈసారి అబద్ధం కాదు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.