కాదన్న ఆ ఒక్క ఇల్లు

ఇందుమూలముగా మా సెంగ్‌కాంగ్ బ్లాకులోని తెలుగువారందరికీ తెలియజేయడమైనది: కింద రాతిబల్ల దగ్గర మూడో స్టూలు మీద ఇకనుంచి ఎవరైనా కూర్చోవచ్చు. లిఫ్టులో తమ ఇంటి కూరేమిటో ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. మా ఎమ్మెల్యే అంకుల్ పోయిన మంగళవారం కన్నుమూశారు.

ఎమ్మెల్యే అంటే కంగారు పడకండి. ఆయనకు ఏ సభలోనూ కుర్చీ లేదు. ఊళ్లో ఓటుకి వెళ్లలేం, ఈ పరాయి దేశంలో మాకు ఓటు లేదు. చెయ్యి దురద తీరుతుందని ఒక ఉగాది భోజనాల్లో నేనే ఈ ఎన్నిక పెట్టించాను. ఇంటర్ తప్పి షిప్‌యార్డు పనికొచ్చిన నాకు అలా ఎన్నికల అధికారి హోదా దక్కింది. నిలబడింది ఆయనొక్కరే. పద్నాలుగు ఇళ్లు, ఇంటికో చీటీ, ‘ఔను’ లేదా ‘కాదు’. బిస్కెట్ల డబ్బాలో వేయించి, పక్కకెళ్లి నేనే లెక్కపెట్టి ప్రకటించాను: పదమూడు ఔను, ఒకటి కాదు. డబ్బాకి గోధుమరంగు టేపు చుట్టి, దానిమీద సంతకం పెట్టి, రహస్య ఓటు గనుక విప్పరాదని ఆజ్ఞాపించి ఆయనకే అప్పగించాను.

ఆయన గెలుపు సంగతే మరిచిపోయారు. ఆ ఒక్కరూ ఎవరన్నదే పట్టుకుంది.

మొదటి అనుమానం మూడో అంతస్తు బ్యాంకు ఉద్యోగి మీద. ఇడ్లీలు పట్టుకెళ్లి, అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని మొహం చూసేవారు. “కాదన్నవాడు తింటూ తలెత్తడయ్యా,” అని నాతో అనేవారు. అతని భార్యకు నొప్పులొస్తే టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం వచ్చి, “వీడు కాదు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు,” అని ఆ పేరు కొట్టేశారు. తర్వాత అనుమానం ఏడో అంతస్తు మామ్మగారి మీదికెళ్లింది. ఏడాదిపాటు ఆవిణ్ణి పాలీక్లినిక్‌కి తిప్పారు. జురాంగ్ వెస్ట్‌కి మారిపోయిన పరిశోధక విద్యార్థినినీ వదల్లేదు. ఆవకాయ సీసాతో ట్రైనెక్కి వెళ్లారు. ఇంత దూరం ఎందుకంకుల్ అని ఆ అమ్మాయి అంటే, “ఇల్లు మారితే ఓటు మారుద్దా?” అన్నారట.

లెక్కపెట్టినవాణ్ణే ముందు అనుమానించాలంటూ, నా కాఫీలో పంచదార తనే కలిపేవారు, కళ్లు నా మీదే ఉంచి. నేనూ ఆయన్ని అనుమానించాను. ఇంత సేవ వెనక ఏదో ఉండాలి, మనిషన్నవాడు ఊరికే ఇడ్లీలు మోయడని.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు, “ఇప్పుడైనా చెప్పవయ్యా, ఎవరు?” అన్నారు. నిబంధనలు ఒప్పుకోవంకుల్ అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కర్మలయ్యాక ఆంటీ ఆ డబ్బా తెచ్చి, నీకే ఇమ్మన్నారు అని నా చేతిలో పెట్టారు.

ఇక దాచను. అందులో ఉన్నవి పద్నాలుగూ ‘ఔను’లే. కాదన్న ఇల్లు మా బ్లాకులో ఏదీ లేదు. ఆవేళ ఆయన మరీ పొంగిపోతున్నారని అప్పటికప్పుడు నేనే పుట్టించాను. పోయేదాకా ఆ మనిషిని ఇల్లిల్లూ తిప్పింది నేనే కదా అనుకుంటూ డబ్బా వెనక్కి తిప్పాను.

నా గోధుమరంగు టేపు లేదు. నా సంతకమూ లేదు. తెల్లటి టేపు చుట్టి ఉంది, అంచులు పసుపెక్కిపోయి, ఎన్నేళ్లనాటిదో.