బావ బండికి పెట్టిన ఆయిల్ డబ్బా

రాయదుర్గం బస్టాండు వెనక సందులో మెకానిక్ శ్రీరంగప్ప షెడ్డు. దాని పక్కనే నా స్పేరు పార్టుల అంగడి. రెండింటికీ మధ్య గోడ కూడా లేదు, ఒక తుప్పు రేకు అడ్డం. ఆ రేకుకు ఇవతల కూర్చుని ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా విన్నవాణ్ణి కాబట్టి ఆయన గురించి రాసే హక్కు నాకుందనుకుంటాను. పనిలో మంచివాడు. నోరు మాత్రం మంచిది కాదు.

ఆయనకొక పాడు అలవాటు ఉండేది. బండిని షెడ్డులోకి తోసుకొచ్చిన వెంటనే, ఇంకా స్పానరు చేత పట్టకముందే, తప్పెవరిదో చెప్పేసేవాడు. బానెట్టు ఎత్తి, ఇంజనులో నూనె ఎంతుందో చూసే ఆయిల్ పుల్ల లాగి, వాసన చూసి, ఇది డ్రైవర్ చేసిన పని అనో, ఇంతకుముందు చేతులు పెట్టినోడి పని అనో తేల్చేవాడు. వినడానికి చుట్టూ నలుగురు డ్రైవర్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. పంచాయతీలో పెద్దమనిషి అయినా రెండువైపులా విని గానీ తీర్పు చెప్పడు. ఈయనకు అంత ఓపిక ఎక్కడిది. చెప్పినవి చాలామటుకు నిజమయ్యేవి, చిక్కంతా అక్కడే వచ్చింది. నాలుగుసార్లు తప్పయి ఉంటే జనం నవ్వి ఊరుకునేవాళ్లు. ఈయన మాట తప్పదని పేరు పడింది. ఫలానా డ్రైవర్ పనికిరాడని రంగప్ప అన్నాడంటే ఆ డ్రైవర్‌కి ఊళ్లో ఎవరూ తాళాలిచ్చేవాళ్లు కాదు.

ఆయన అక్క తిరుపాలమ్మను గుమ్మఘట్ట దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే రంగప్పను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమె భర్త వెంకటరాముడు ఏటా శెనక్కాయ వేసి, ఏటా వాన మొగులు వైపు చూసి, విసిగి, ఒక పాత చిన్న కారు తీసుకుని బాడుగకు తిప్పేవాడు. చుట్టుపక్కల పల్లెలకు అదొక్కటే కారు. పెళ్లిచూపులకూ ఆస్పత్రికీ దేవర జాతర్లకూ అందరూ ఆయన్నే పిలిచేవాళ్లు.

మనిషి నెమ్మది, మాట పొదుపు. పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఆయిల్ పుల్ల లాగి, భుజం మీది టువాలు కొసకు తుడిచి, మళ్లీ ముంచి చూసుకుంటే గానీ తాళం తిప్పేవాడు కాదు. ఆ టువాలు ఒక మూల ఎప్పుడూ నల్లగా ఉండేది. దాన్ని ఉతకడానికి నీళ్లు యాడ తెచ్చేదని తిరుపాలమ్మ సణుగుతూనే ఉండేది. వెంకటరాముడి బండి దారిలో ఆగదని పల్లెల్లో చెప్పుకునేవాళ్లు. ఆ పేరే ఆయన ఆస్తి. ఇంకో ఆస్తి ఉన్నట్టు నాకైతే తెలియదు.

రెండువేల రెండో సంవత్సరం, వానలు మొహం చాటేసిన ఏడు, ఆ కారు నీలంగా పొగ పెట్టడం మొదలుపెట్టింది. పాత ఇంజను కదా, పిస్టన్ రింగులు అరిగిపోయాయి. అరిగిన సందులోంచి గ్యాసు కిందికి దిగి, లోపలి ఆయిల్ ఆవిరిని మోసుకుంటూ గొట్టం దారిన ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతోంది. ఫిల్టర్ నూనెలో నానిన వడలా తయారైంది. ఇంజను దించి, సిలిండర్లు బోరు చేయించి కొత్త రింగులు వేయాల్సిందేనని రంగప్ప అన్నాడు. పెళ్లిళ్ల కాలం, మాటిచ్చినవాళ్లు ఉన్నారు, వానల దాకా ఎట్లైనా నెట్టుకురావాలని బావ బతిమాలాడు.

రంగప్పకు అప్పుడు బెంగుళూరులో పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి. అక్కడ రేసు కార్లకు ఆయిల్ క్యాచ్ ట్యాంకు అని ఒకటి బిగించేవాళ్లు. ఇంజను వదిలే ఊపిరిని నేరుగా ఫిల్టర్‌లోకి పంపకుండా ముందు ఒక డబ్బాలోకి పంపితే, నూనె అందులో దిగిపోతుంది, గాలి బయటికి పోతుంది. రంగప్ప ఒక స్టీలు నేతి డబ్బా తెచ్చి, మూతకు రెండు రాగి గొట్టాలు అతికించాడు. ఒకటి ఇంజను నుంచి వచ్చేది, రెండోది గాలి పోవడానికి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండేది. అడుగున ఒక చిన్న కొళాయి. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాడు, నూనె తుంపరలు దానికి తగులుకుని కిందికి కారేలా. దాన్ని బ్యాటరీ పక్కన పట్టీ వేసి బిగించి, ఫిల్టర్ వైపు రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టాడు.

పొగ తగ్గింది. రంగప్ప మురిసిపోయాడు. వారానికోసారి అడుగు కొళాయి తిప్పి నూనె వంపేయమని బావకు రెండుసార్లు చెప్పాడు. పైన తెరిచి ఉన్న గొట్టం గురించి ఏమీ చెప్పలేదు. తెరిచి ఉన్నదాన్ని ఎవరు ఏం చేస్తారులే అనుకున్నాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు, ఆ పల్లెలో నల్లమ్మ అనే ముసలామెను కంటి ఆపరేషన్ శిబిరానికి అనంతపురం తీసుకుపోతుండగా, కళ్యాణదుర్గం ఇంకా రాకముందే ఇంజను పట్టేసింది. ఎండలో ముసలామె తుమ్మచెట్టు కింద కూర్చుంది. ట్రాక్టర్ దొరికి, తాడు కట్టి కారును వెనక్కి లాక్కొచ్చేసరికి పొద్దు వాలింది. శిబిరం అయిపోయింది, మళ్లీ పెట్టేది వచ్చే ఏడాదేనన్నారు.

షెడ్డులో ఆ సాయంత్రం డ్రైవర్లు నిండుగా ఉన్నారు. రంగప్ప పుల్ల లాగాడు. చుక్క లేదు, పొడి. సొంత బావ అయ్యేసరికి కోపం రెండింతలైంది.

"ఆయిల్ చూసినావా బావా పొద్దున?"

వెంకటరాముడు ఒక్క క్షణం ఆ డబ్బా వైపు చూశాడు. తర్వాత బామ్మర్ది మొహం చూసి, "చూడల్యా రంగప్పా, మర్సిపోయినా" అన్నాడు.

"ఆయిల్ చూసుకోనోడు డ్రైవరే కాదు. ఎద్దులు కాసుకోపో."

కింద ఇంజను వెనక భాగమంతా నూనెతో తడిసి ఉంది. నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు బయటికి తన్నుకొచ్చింది. అదేమిటని నేను రేకు ఇవతల నుంచి తొంగిచూసి అడిగితే, పాత సీలు పోక ఏం చేస్తుంది, పుల్ల చూసుకుని ఉంటే తెలిసేది కదా అన్నాడు రంగప్ప. సీలును లోపలి నుంచి తన్నింది ఏమిటని ఆయన ఆలోచించి ఉండాల్సింది. ఇంకెవరి బండి అయినా ఆలోచించేవాడేమో. కానీ తీర్పు అయిపోయింది, నలుగురూ విన్నారు, ఇక చూడటానికేముంది.

ఆ మాట వారం తిరక్కుండా పల్లెలన్నీ చుట్టింది. నల్లమ్మ కళ్లు వెంకటరాముడి వల్లే పోయాయన్నారు కొందరు, ఆమె కళ్లు నిజంగా పోకపోయినా. కోపం చల్లారాక రంగప్ప తానే ఇంజను బాగుచేసి ఇస్తానని అక్క ఇంటికి కబురు పంపాడు. ఎక్కేవాళ్లెవరు, వద్దులే అన్నాడు వెంకటరాముడు. కారు పాత ఇనుముకు పోయింది. ఆయన బెంగుళూరు పోయి ఒక బట్టల గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. తిరుపాలమ్మ పల్లెలోనే ఉండి, ఎప్పటిలాగే రాయదుర్గం జీన్సు కంపెనీల నుంచి ప్యాంట్లు తెచ్చుకుని, వేలాడే దారాలు కత్తిరించి ఇస్తూ కాలం గడిపింది.

ఐదారేళ్లకు, ఇంకో పాత బండికి అట్లాంటి డబ్బానే పెడుతున్నాడు రంగప్ప. తిరుపాలమ్మ ప్యాంట్ల మూట కంపెనీలో ఇచ్చేసి, తమ్ముడికి బొరుగుల ఉగ్గాని గిన్నె తెచ్చి, షెడ్డులో టైరు మీద కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఆ డబ్బాను కాసేపు చూసి మామూలుగా అంది:

"దీని నోరు ఇట్లే ఇడుస్తావా రంగా? దుమ్ము పోదా? మీ బావ బండికైతే నేను జీన్సు గుడ్డ కట్టింటి, రెండు పొరలు."

రంగప్ప చేతిలో పని ఆగిపోయింది.

మా దిక్కు ఇళ్లలో మూతి తెరిచి ఉన్నదేదీ అట్లా వదలరు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని నీళ్లు, ఎప్పుడూ లేస్తూనే ఉండే ఎర్రదుమ్ము. బిందెకు గుడ్డ, కుండకు గుడ్డ, కిరసనాయిలు సీసాకు గుడ్డ. తిరుపాలమ్మ ఇంట్లో అది ఇంకా ఎక్కువ. ఆ గుడ్డలు కట్టిన కుండల మధ్యే పెరిగినవాడు రంగప్ప. అక్క ఆ గొట్టాన్ని చూస్తే ఏం చేస్తుందో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

బావ చూశాడా అని అడిగాడు. చూసి బాగుండాది అన్నాడని చెప్పిందామె. పోనుపోను ఆ గుడ్డ నూనె తాగి, దుమ్ము పట్టి అట్ట మాదిరి అయిపోయిందట. ఎవరు విప్పారని అడిగితే, తనకేం తెలుసు, బండితోనే యాడో పోయిందంది.

ఆ రోజు బండిని షెడ్డుకు లాక్కొచ్చినప్పుడు ఆ గొట్టానికి గుడ్డ లేదు. అది నాకూ గుర్తే. ఊపిరి పోయే దారి మూసుకుపోయి, లోపలి గాలి సీలును తన్ని, నూనెనంతా రోడ్డు మీద పోసింది. పొద్దున పుల్ల చూసుకుని బయల్దేరినా దారిలో ఖాళీ అయింది. వెంకటరాముడు అక్కడే బానెట్టు ఎత్తి సంగతి గ్రహించి, ట్రాక్టర్ వచ్చేలోపు గుడ్డ విప్పి పారేశాడు. లేకపోతే బామ్మర్ది తీర్పు ఎవరి మీద పడేదో, తర్వాత ఊరంతా ఏమనేదో ఆయనకు బాగా తెలుసు. పెంచిన తమ్ముడి నోటి నుంచి తిరుపాలమ్మ ఆ మాట పడటం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఈ బండికి ఫిల్టర్ తెస్తాలే అక్కా అని చెప్పి రంగప్ప చేతులు కడుక్కోవడానికి వెనక్కి పోయాడు. ఆమె ఉగ్గాని తినమని పిలుస్తున్నా చాలాసేపు రాలేదు.

ఆ వారమే నన్ను తోడు తీసుకుని బెంగుళూరు పోయాడు. గోడౌను గేటు దగ్గర నీలం యూనిఫారంలో బావను చూడగానే ఏడ్చేశాడు. అందరి ముందూ నిజం చెబుతానన్నాడు. వెంకటరాముడు కోప్పడలేదు. "చెప్తే మీ అక్కకు తెలుస్తాది కదప్పా. ఇన్నాళ్లు కాపాడింది ఏందికి?" అన్నాడు. అయితే తప్పు తన మీదే వేసుకుంటానన్నాడు రంగప్ప. నీ ఇష్టమన్నాడాయన, లోపలికి వస్తున్న లారీకి గేటు తీస్తూ. ఇదంతా జరిగిన చాలా ఏళ్లకు, నిరుడు, తిరుపాలమ్మ కాలం చేసింది. చివరిదాకా ఆమెకు తెలియదు. ఆమె ఉండగా అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

తిరిగి వచ్చాక రంగప్ప షెడ్డులో డ్రైవర్లందరినీ పిలిచి చెప్పాడు. డబ్బా పెట్టడంలో తప్పు తనదే, గాలి పోయే దారి సరిగ్గా పెట్టలేదు, బావ పొద్దున ఆయిల్ చూసుకునే బయల్దేరాడు అన్నాడు. జీవితంలో మొదటిసారి తన మీద తానే తీర్పు చెప్పుకున్నాడు. డ్రైవర్లు తలలూపారు. బావ కోసం తప్పు నెత్తినేసుకుంటున్నాడు, ఎంత మంచోడో అని కుళ్ళాయప్ప అనే డ్రైవర్ నా అంగడిలోనే అన్నాడు. ఎన్ని బండ్ల మీద ఎన్ని మాటలు చెప్పినా నమ్మినవాళ్లు, ఈ ఒక్కటి నమ్మలేదు. ఆయన పేరు ఇంకా పెరిగింది. నాకైతే ఒళ్లు మండింది, ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఆ ఏడు దేవర జాతరకు వెంకటరాముడు ఊరికొచ్చి, షెడ్డుకు వచ్చాడు. రంగప్ప ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఉన్న నలుగురి ముందు మళ్లీ అదే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పొద్దు బావ ఆయిల్ చూసుకున్నాడు, నేను ఒట్టేసి చెప్తా అని. వాళ్లు మర్యాదగా వింటున్నారు. వెంకటరాముడు బామ్మర్ది చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంగ చాలించు రంగప్పా. అందరూ అనీ అనీ, నేనూ ఒప్పుకునీ ఒప్పుకునీ, ఇప్పుడు నాకే అనుమానంగా ఉండాది, ఆ పొద్దు చూసినానా లేదా అని."