మూడు నిమిషాల అనంతకృష్ణ

అనంతకృష్ణ గారిని ఏ ప్రశ్న అడిగినా మూడు నిమిషాల దాకా జవాబు రాదు. కాఫీ తాగుతారా అన్నా అంతే, ఇల్లు తగలబడుతోందన్నా అంతే. చేతి గడియారం చూసుకుంటారు, మన ముఖం చూస్తారు, మళ్లీ గడియారం చూసుకుంటారు. ఈలోగా కాఫీ చల్లారిపోతుంది.

దోషం ఆయనది కాదు, సూర్యుడిది. ఆయన రోజూ మా ఊరి నుంచి రైల్లో పోయి, బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో సూర్యుడి మచ్చల మీద పని చేశారు. మచ్చ అంటే ఊరికే నల్లగా పడి ఉండేది కాదట. దాని నడిమి నలుపు సుమారు మూడు నిమిషాలకోసారి ఊగుతుందట, ఆ ఊపు అలలై అంచుల దాకా పోతుందట. ఏళ్ల తరబడి దాన్నే చూసి చూసి, ఒక ఊపైనా పూర్తిగా చూడకుండా దేని గురించీ నోరు విప్పకూడదని ఆయన తీర్మానించుకున్నారు.

పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే గడియారం చూశారు. పిల్ల తండ్రి కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, పిల్ల మాత్రం ఫక్కున నవ్వింది. ఆ పిల్లే ఇప్పటి మా వత్సలత్త. కోలారు మార్కెట్లో టమాటాల బుట్ట కావాలా అని అడిగిన రైతు, ఈయన కావాలి అనేసరికి బుట్ట అమ్మేసి బూదికోట బస్సులో కూర్చున్నాడు. మారికుప్పం రైల్లో టీసీ టికెట్ ఉందా అని అడిగితే ఆలోచనలో పడ్డారు. జేబులో పాసు పెట్టుకుని బంగారపేటలో దింపించుకున్న మనిషి మా లైన్లో ఆయనొక్కరే.

ఇక మా నాన్న వాదిరాజ. బంగారు గనిలో టైమాఫీసు గుమాస్తా. షిఫ్టుకు ఎవరు కిందికి దిగారు, ఎవరు పైకి వచ్చారు అని చూసుకోవడం ఆయన పని. గని మూసేశారు, సైరన్ ఆగిపోయింది. చేవ ఉన్నవాళ్లం తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక వచ్చి పడేవాళ్లం. నాన్న మాత్రం సైరన్ వేళకు లేచి, చొక్కా వేసుకుని, గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఇంటి గేటు దాటడం మానేశారు. తర్వాత మాట్లాడడం మానేశారు. ఏదో ఒక రోజు నేను ఇంటికి వచ్చేసరికి ఈ మనిషి ప్రాణాలతో ఉండడేమోనని రైల్లో కూర్చుని వణికేదాన్ని.

ఒకనాడు పక్క సీట్లో ఉన్న అనంతకృష్ణ గారికి ఇదంతా చెప్పుకుని ఏడ్చాను. ఏం చేయమంటారు మామా అని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు. జవాబు వచ్చేలోగా నేను దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది. అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయన రిటైరయ్యాక ఒక ఉదయం చంకలో చిన్న దుర్భిణి పెట్టుకుని మా గేటు తీశారు. వాళ్లుండేది స్టేషన్ అవతల. అక్కడ చెట్ల నీడ ఎక్కువట, మా వాకిట్లో ఎండ బాగుందట. స్టూలు మీద దుర్భిణి నిలబెట్టి, దాని వెనక అట్టకు తెల్లకాగితం అతికించి, సూర్యుడి బొమ్మ దాని మీద పడేలా చేశారు. రూపాయి బిళ్లంత వెలుగు, అందులో ఆవగింజంత మచ్చ. కాసేపటికి ఆ వెలుగు కాగితం మీద నుంచి జారిపోయింది. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక దుర్భిణిని కొంచెం కొంచెం జరుపుతూ ఉండాలి.

"వాదిరాజప్పా, నాకు మచ్చను చూసేదానికే సరిపోతాది. సూర్యుడు జారిపోకుండా నువ్వు రవంత పట్టుకో" అన్నారు.

అలా మా నాన్నకు సూర్యుణ్ణి కాగితం మీద నిలబెట్టే ఉద్యోగం దొరికింది. రోజూ ఆ షిఫ్టుకు వచ్చేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు. మబ్బు పట్టిన రోజు కూడా అనంతకృష్ణ గారు హాజరయ్యేవారు. ఇద్దరూ ఖాళీ కాగితానికి కాపలా కాసేవారు. ఒకరిది పిచ్చి, ఒకరిది దిగులు, ఇద్దరితో వేగలేక నాకు తల బొప్పి కట్టేది.

ఒక ఆదివారం కాగితం మీది సూర్యుడు దడదడా వణికాడు. స్టూలు మీది లోటా గణగణమంది. నాన్న లేచి పరుగందుకున్నారు.

గని నడిచే రోజుల్లో లోతున బండ పగిలితే పైన మా ఇళ్లు అలాగే వణికేవి. బరస్టు అనేవాళ్లం. ఎవరి మనిషి కింద ఉన్నాడో తెలిసేది టైమాఫీసు గుమాస్తాకే. అందుకే ఆయన పరిగెత్తితే ఎందుకని ఎవరూ అడగరు, వెనకే పరిగెత్తుతారు. పక్కింటి పిల్లమ్మ పొయ్యి మీద సంగటి వదిలేసి పరిగెత్తింది. ఆమెను చూసి మా ఇళ్ల వరస మొత్తం కదిలింది. నేనూ పరిగెత్తాను. గని మూసి ఏళ్లయిందన్న సంగతి మా కాళ్లకు ఎవరూ చెప్పలేదు.

గని దగ్గర తాళం వేసిన గేటు, ముళ్లకంప, మేస్తున్న ఒక మేక. పిల్లమ్మ మొగుడు ఏనాడో ఒక బరస్టులో కిందే ఉండిపోయాడు. ఇప్పుడు కింద ఆమెకెవరూ లేరు, అయినా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చివరగా అనంతకృష్ణ గారు రొప్పుతూ వచ్చారు. ఏమైందని అందరం ఆయన్నే అడిగాం. గడియారం చూసుకున్నారు. ఆ మూడు నిమిషాలూ చచ్చి బతికాక, తన మోకాలు స్టూలుకు తగిలిందని చెప్పారు.

ఎవరూ నవ్వలేదు. నాన్న గేటు కమ్మీలు పట్టుకుని, ఎన్నాళ్లకో నోరు తెరిచారు.

"ఇంగ దీన్ని తెరుస్తారా సార్?"

ఈ ప్రశ్నకు మా ఊళ్లో అందరి దగ్గరా తక్షణమే జవాబు ఉండేది. వచ్చే నెలే అనేవారు, ఎవరో కొత్త కంపెనీ వాళ్లు వచ్చి చూసిపోయారనేవారు. అనంతకృష్ణ గారు గడియారం చూసుకున్నారు. వరసంతా ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"తెరవరప్పా" అన్నారు.

నాకు ఆయన్ను పట్టుకుని కొట్టాలనిపించింది. నాన్న గేటు కమ్మీలు వదిలేశారు. తర్వాత మా వైపు తిరిగి, బరస్టు అయ్యాక, అదృష్టం బాగున్న రోజుల్లో టైమాఫీసు మెట్ల మీద నిలబడి చెప్పే మాటే చెప్పారు.

"అందరూ పైకి వచ్చేసినారు. ఇండ్లకు పోండి."

పిల్లమ్మ ఏడుస్తూనే, సంగటి మాడి ఉంటుందని గొణుక్కుంటూ ఇంటిదారి పట్టింది.

మర్నాడు నాన్న స్టూలు చుట్టూ ఇటుకలు పేర్చారు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో అనంతకృష్ణ గారికి సుద్దముక్కతో గీత గీసి చూపించి, గట్టిగా మందలించారు కూడా. దిగులు పోయిందని నేననను, అది మా ఊళ్లో ఎవరికీ పోలేదు. కానీ కాగితాలు అయిపోతే ఇంటి గేటు దాటి అంగడికి పోయి తెచ్చుకున్నారు.

ఆ తర్వాత మొదటిసారి వత్సలత్త వాళ్లింటికి పోయాను. మీ చెట్లేవి అత్తా అని అడిగితే, చెట్లు యాడుండాయమ్మా అని నవ్వింది. మిద్దె మీద పొద్దంతా ఎండేనట, అప్పడాలు ఎండబెట్టేది అక్కడేనట. రిటైరయ్యాక కూడా పరిశోధనకు కావలసినవన్నీ సంస్థవాళ్ల పెద్ద దుర్భిణి నుంచి ఆయన కంప్యూటరుకే వస్తాయట. అటక మీద పడి ఉన్న ఆ చిన్న గొట్టంలో మచ్చ కనిపిస్తుందే గానీ, దాని ఊపు ఎవరికీ కనిపించదట.

మరుసటి వారం ఆయన ఏదో పని మీద బెంగళూరు పోతూ రైల్లో కలిశారు. మీ మిద్దె మీద అంత ఎండ పెట్టుకుని మా వాకిలికి ఎందుకొచ్చారు మామా అని అడిగాను. యథాప్రకారం గడియారం చూసుకున్నారు. ఈసారి నేను కదలకుండా కూర్చున్నాను.

"మా మిద్దె మీద మీ నాయన లేడు గదా రంజనీ" అన్నారు.

ఆయనకు దండం పెట్టి ఏదైనా చెప్పాలనిపించింది. చెబితే దానికి బదులు చెప్పడానికి మళ్లీ గడియారం చూసుకుంటారు, ఈలోగా బంగారపేట జనం ఎక్కేస్తారు. అందుకని ఊరుకుని, కిటికీ పక్కన ఎండ పడే సీటు ఆయనకిచ్చాను. అక్కడ కూర్చుంటారా అని మాత్రం అడగలేదు.