తువాలు కింద చెన్నపట్నం

మా ఆదోని బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకి మారిన కొత్తల్లో, మా ఆడపిల్లల బడిలో ఇంగ్లీషోళ్ల నాటకం వేసినాం. ఓడ దిగి వచ్చిన తెల్లదొర ఈడ ఏలే నాయకుణ్ణి కాసింత ఇసుక నేల అడుక్కుంటాడు, ఆ ఇసుకలో కోట కట్టుకుంటాడు, అదే చెన్నపట్నమవుతుంది. అంతే కథ.

దొర వేషం నాకే రావాల. ఎందుకంటారా? మా నాయన పత్తి మండీలో దలాలి. ఆడ బేరమాడేటప్పుడు చేతుల మీద తువాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కనోనికి తెలీదు. నేల బేరం కూడా అట్లే చూపిద్దామని టీచరమ్మకు చెప్పింది నేను. "భలే సెప్పినావే!" అని మెచ్చుకుని, దొర వేషం మాత్రం మా తరగతిలోనే, హాస్టల్లో ఉండి చదివే ఎమ్మిగనూరు మగ్గమోళ్ల పిల్లకిచ్చింది. పొడుగ్గా ఉందంట, గొంతు ఖంగుమంటుందంట! నాకేమో నాయకుడి వేషం, అతికించిన మీసాలు.

కడుపు మండిపోయింది. ఆ పిల్ల టోపీ పెట్టుకుంటే మంట, నవ్వితే మంట. "మనిద్దరం బాగా సేద్దాంలేవే" అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను.

నాటకం రోజు మా నాయన ముందు వరసలో కూర్చున్నాడు. తువాలు కప్పినాం. లోపల ఆ పిల్ల చిటికెన వేలు దొరికింది. వెనక్కి వంచినాను. ఇంకా వంచినాను. టక్కుమంది.

కేక పెడుతుంది, దాని వేషం పాడవుతుంది అనుకున్నా. పెట్టలేదు. కళ్లనిండా నీళ్లతో, "నాయకా, మీ మేలు మరువం" అని ఆఖరి మాట ఖంగుమని చెప్పింది. ఆ కన్నీళ్లు కూడా నటనే అనుకుని జనం ఒకటే చప్పట్లు. మా నాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టినాడు. నా కోసం ఆయన ఏనాడూ అట్లా లేచింది లేదు.

మరుసటి రోజు వేలికి కట్టుతో వచ్చింది. సెలవులకి ఇంటికి పోతే మగ్గానికి నూలు కండెలు చుట్టే చెయ్యి అది. ఏమైందే అని టీచరమ్మ అడిగింది.

"వాకిలి తలుపు సందులో పడింది టీచర్" అంది, నా వైపు చూడకుండా.

ఆ వేలు మళ్లీ తిన్నగా కాలేదు. నేను పోయి కాళ్లు పట్టుకోవాల్సింది, పోలేదు. థూ, నా బుద్ధి! దాని చోట నేనుంటే ఆ అబద్ధం చెప్పేదాన్ని కాదు, ఇందులోనూ అదే గెలిచింది అని ఆ మంచితనం చూసి కూడా కుళ్లి ఏడ్చినాను.